ఆన్‌లైన్‌లో మందుల కొనుగోలు: నకిలీల బెడద, కొనేవారి జాగ్రత్తలు

పైన పేరు ఒకటి, లోపలి సరుకు ఇంకొకటి అయిన మందును నకిలీ మందు అంటారు. డబ్బా మీద పేరున్న కంపెనీ దాన్ని తయారుచేసి ఉండదు. కొన్నిసార్లు అసలు ఆ కంపెనీయే ఉండదు. లోపల ఉండాల్సిన మందు తక్కువగా ఉండవచ్చు, బొత్తిగా లేకపోవచ్చు, దాని స్థానంలో వేరేది ఉండవచ్చు. భారతదేశంలో ఈ నేరాన్ని 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలోని 17బీ సెక్షన్ నిర్వచిస్తుంది. 2008 సవరణ తర్వాత శిక్షలు బాగా కఠినమయ్యాయి. నకిలీ మందు వల్ల మనిషి చనిపోయినా, తీవ్రంగా దెబ్బతిన్నా కనీసం పదేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం పడుతుంది. జరిమానా కనీసం పది లక్షల రూపాయలు లేదా పట్టుబడిన సరుకు విలువకు మూడింతలు, ఏది ఎక్కువైతే అది.

నకిలీ మందుల వ్యాపారం ఇంటర్నెట్ కంటే చాలా పాతది. ఆన్‌లైన్ అమ్మకాలు దానికి కొత్త దారి చూపాయి. వీధి చివరి మెడికల్ షాపులో కొంటే షాపు ఎక్కడికీ పోదు, తేడా వస్తే వెళ్లి అడగవచ్చు. ఫోన్‌లో కనిపించే ప్రకటనకు ఊరూ పేరూ ఉండాలని లేదు. అలాగని ఆన్‌లైన్‌లో కొన్నదల్లా అనుమానించాల్సిన పనీ లేదు. లైసెన్సున్న షాపు డాక్టరు చీటీ చూసి, బిల్లు వేసి పంపిన మందు కొరియర్‌లో వచ్చినా మంచి మందే. మాత్రను చేతిలో పట్టుకుని చూసి నకిలీని పసిగట్టడం మామూలు మనిషికి దాదాపు అసాధ్యం, అనుభవమున్న ఫార్మసిస్టులే మోసపోయిన సందర్భాలున్నాయి. అందుకని కొనేవారు పరీక్షించాల్సింది ముందుగా మందును కాదు, అమ్మేవాణ్ణి.

నకిలీ, నాసిరకం, కల్తీ

మాటల్లో ఈ మూడింటినీ కలిపేస్తుంటారు గానీ చట్టం వేరు చేస్తుంది. నాసిరకం మందుకు కంపెనీ నిజమైనదే, లైసెన్సూ నిజమైనదే. పరీక్షకు పంపితే మాత్రం ప్రమాణాలకు నిలవదు: మాత్ర కరగాల్సిన సమయంలో కరగదు, ఉండాల్సిన మోతాదు ఉండదు. కల్తీ మందులో ఉండకూడని పదార్థం చేరి ఉంటుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో పసిపిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ ఇలాంటిదే. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్లు తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో తేలింది. దాన్ని తయారుచేసింది లైసెన్సున్న కంపెనీయే. అలాంటి మందు విషయంలో తల్లిదండ్రులు ఎంత జాగ్రత్తపడినా చేయగలిగింది ఏమీ లేదు, ఆ బాధ్యత పూర్తిగా తయారీదారుది, ప్రభుత్వానిది. నకిలీ మందు విషయంలో కొనేవారి చేతుల్లోనూ కొంత ఉంది. ఈ వ్యాసం ఆ కొంత గురించే.

ఎంత ఉంది, ఎక్కడ ఉంది

పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లో ప్రతి పది వైద్య ఉత్పత్తుల్లో దాదాపు ఒకటి నాసిరకమో నకిలీయో అయి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. భారతదేశంలో 2014-16 మధ్య నోయిడాలోని జాతీయ బయోలాజికల్స్ సంస్థ జరిపిన దేశవ్యాప్త సర్వేలో 47 వేలకు పైగా నమూనాలు పరీక్షిస్తే నాసిరకం మందులు 3.16 శాతం తేలాయి. నకిలీలు 0.0245 శాతమే. ఈ రెండో అంకె చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. ఆ నమూనాలు షాపులు, ప్రభుత్వ గిడ్డంగుల వంటి తెలిసిన చోట్ల తీసుకున్నవి. నకిలీ సరుకు ఎక్కువగా నడిచేది సర్వే బృందాలు వెళ్లని దారుల్లో. తమ చిరునామా దాచిపెట్టే అక్రమ వెబ్‌సైట్లలో కొన్న మందుల్లో సగానికి పైగా నకిలీవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా ఏళ్ల కిందటే చెప్పింది. రెండు అంకెల మధ్య ఇంత తేడాకు కారణం ఎక్కడ కొంటున్నాం అన్నదే.

ఏ మందుకు నకిలీ పుడుతుందన్నది లాభాన్ని బట్టి ఉంటుంది. ఒకవైపు ఖరీదైన క్యాన్సర్ ఇంజెక్షన్లు, ఇంకోవైపు ఎక్కువగా అమ్ముడయ్యే గ్యాస్ మాత్రలు, కాల్షియం మాత్రలు, యాంటీబయాటిక్‌లు. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా ఆస్పత్రుల్లో వాడేసిన క్యాన్సర్ ఇంజెక్షన్ల ఖాళీ సీసాలను సంపాదించి, వాటిలో ఫంగస్ జబ్బులకు వాడే చవక మందు నింపి అమ్మింది. సీసా అసలుదే, లేబుల్ అసలుదే, మందు మాత్రం కాదు. చూడగానే అనుమానం రావడానికి ఏముంటుంది? ఆ ఖాళీ సీసాలు ఇచ్చినవారిలో ఆస్పత్రి ఫార్మసీల్లో పనిచేసేవారూ ఉన్నారు. ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవారు ఇంజెక్షన్ వేసిన వెంటనే లేబుల్‌ను మార్కరుతో కొట్టేయమనీ, డబ్బాను అక్కడికక్కడే చింపేయమనీ నర్సును అడగడం ఇంకో రోగికి చేసే మేలు.

కొరత వచ్చినప్పుడు నకిలీలు విజృంభిస్తాయి. 2021లో కరోనా రెండో ఉద్ధృతిలో రెమ్‌డెసివిర్ కోసం జనం అల్లాడుతుంటే గుజరాత్‌లో గ్లూకోజు, ఉప్పు కలిపి సీసాల్లో నింపి ఆ పేరుతో అమ్మారు. ఆ ఇంజెక్షన్లకు బేరాలు చాలావరకు వాట్సాప్‌లో, సోషల్ మీడియాలో జరిగాయి. అన్నిచోట్లా అడిగి విసిగిపోయిన మనిషికి ‘ఒక్కటి ఉంది, వెంటనే డబ్బు పంపండి’ అన్న సందేశం వస్తే లైసెన్సు గురించి అడగబుద్ధి కాదు. మోసగాళ్లకు కావలసింది ఆ నిస్సహాయతే.

తెలుగు రాష్ట్రాల్లో దొరికిన ఉదాహరణల్లో అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది 2024 తొలి నెలల్లో తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం బయటపెట్టినది. హిమాచల్ ప్రదేశ్ చిరునామాతో, యాంటీబయాటిక్ పేరుతో అమ్ముతున్న మాత్రలను పరీక్షిస్తే అందులో మందు ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు, ఉన్నది సుద్దపొడి. చిరునామాను కనుక్కుంటే అక్కడ అలాంటి కంపెనీయే లేదు. జ్వరంతో ఉన్న పిల్లవాడికి ఐదు రోజులు ఆ మాత్రలు వేస్తే, తగ్గనందుకు డాక్టరు మందు పనిచేయలేదనుకుని ఇంకా బలమైన యాంటీబయాటిక్ రాస్తాడు. నకిలీ మందు చేసే హాని ఇలా చాలాసార్లు కంటికి కనిపించదు, జబ్బు ముదిరిందనే అందరూ అనుకుంటారు.

చట్టంలో ఆన్‌లైన్ ఫార్మసీ

మందుల చిల్లర అమ్మకానికి ఫారం 20, 21 లైసెన్సులు ఉండాలి. 1945 నాటి ఔషధ నియమాల్లోని 65వ నియమం ప్రకారం డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులను రిజిస్టరైన ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. ఈ నియమాలు రాసిన కాలంలో ఆన్‌లైన్ అన్న ఊహే లేదు. 2018 ఆగస్టులో కేంద్రం ఈ-ఫార్మసీల కోసం ముసాయిదా నియమాలు ప్రకటించింది. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదు, మత్తు మందులు, షెడ్యూల్ ఎక్స్ మందుల అమ్మకంపై నిషేధం అందులోని ముఖ్యాంశాలు. ఏళ్లు గడిచినా అవి తుది నియమాలుగా రాలేదు. 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలను ఆపమంది. 2020 మార్చిలో కరోనా కారణంగా లైసెన్సున్న షాపులు కొన్ని షరతులతో ఇంటికి మందులు పంపడానికి కేంద్రం అనుమతించింది. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ పేరున్న ఆన్‌లైన్ కంపెనీలకే షోకాజ్ నోటీసులు ఇచ్చింది. ఇన్ని కోట్ల మంది రోజూ వాడే వ్యవస్థకు ఇంతకాలం స్పష్టమైన చట్టం లేకపోవడం ప్రభుత్వాల నిర్లక్ష్యం కిందకే వస్తుంది.

ఈ వ్యవస్థ గురించి కొనేవారు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. చాలా యాప్‌లు మందులు అమ్మవు, అమ్మేవారిని చూపిస్తాయంతే. ఆర్డరు యాప్‌లో పెట్టినా సరుకు పంపేది ఎక్కడో ఉన్న ఒక లైసెన్సుదారు. బిల్లు మీద ఉండే పేరు అతనిది, చట్టం ముందు జవాబుదారీ అతను. యాప్ ఎంత పెద్దదైనా బిల్లు మీది పేరు ప్రతిసారీ చూసుకోవాలి. ఒకే మందు ఈ నెల ఒకరి నుంచి, వచ్చే నెల ఇంకొకరి నుంచి రావచ్చు.

అనుమానించాల్సిన గుర్తులు

అన్నింటికంటే పెద్ద గుర్తు, డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన షెడ్యూల్ హెచ్ మందును చీటీ అడగకుండా ఇవ్వడం. చీటీ అడగకపోవడం సౌకర్యంగా అనిపిస్తుంది. నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, గర్భస్రావం మాత్రలు ఇలా ఇచ్చే వెబ్‌సైటు చట్టంలో ఒక నియమాన్ని అప్పటికే మీరింది, రెండోదాన్ని పాటిస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. షాపు పూర్తి చిరునామా, డ్రగ్ లైసెన్సు నంబరు, ఫార్మసిస్టు పేరు వెబ్‌సైటులో లేకపోయినా, మాట్లాడటానికి వాట్సాప్ నంబరు తప్ప ఇంకేమీ లేకపోయినా, డబ్బు ఎవరిదో వ్యక్తిగత యూపీఐ ఖాతాకు పంపమన్నా అక్కడితో ఆగిపోవాలి.

ధర విషయం కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ‘చవకగా ఇస్తే నకిలీ’ అన్న సూత్రం సగమే నిజం. ప్రభుత్వం ధర నిర్ణయించిన మందుల్లో చిల్లర దుకాణదారుకు 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ఇచ్చే లాభం 16 శాతం. మిగతా వాటిలో వ్యాపార ఆనవాయితీ 20 శాతం, హోల్‌సేల్‌కు ఇంకో 10. పెద్ద ఎత్తున కొనే కంపెనీ, తన జేబులోంచి కొంత వేసుకుంటే, ఇరవై ఇరవైఅయిదు శాతం తగ్గించి ఇవ్వగలదు. జనరిక్ మందుల కథ వేరు. కొన్నిటిపై అచ్చేసిన ఎమ్మార్పీ షాపు కొన్న ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది, అక్కడ 70 శాతం తగ్గింపు కూడా మామూలే. కానీ పేరున్న విదేశీ కంపెనీ క్యాన్సర్ ఇంజెక్షన్‌నో, కొత్తగా వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్‌నో సగం ధరకు ఇస్తామంటే ఆ తగ్గింపుకు లెక్క కుదరదు. అది దొంగ సరుకైనా అయి ఉండాలి, నకిలీ అయినా అయి ఉండాలి. నిజంగా ఖర్చు తగ్గించుకోవాలంటే డాక్టరును అడిగి అదే మందును జనరిక్ పేరుతో రాయించుకుని జన ఔషధి కేంద్రంలో కొనడం సురక్షితమైన దారి.

షుగరు పూర్తిగా పోతుంది, మోకాళ్ల నొప్పులు పదిరోజుల్లో మాయం అంటూ వచ్చే ప్రకటనలు ఇంకో కోవ. కొన్ని జబ్బులను నయం చేస్తామని ప్రకటించడాన్నే 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం నిషేధించింది, మధుమేహం వాటిలో ఒకటి. ఇప్పుడు పేరున్న డాక్టర్ల ముఖాలు, గొంతులు కృత్రిమంగా సృష్టించిన వీడియోలతో ఈ ప్రకటనలు వస్తున్నాయి. మూలికల పొడి అని చెప్పినదానిలో స్టెరాయిడ్లు, సిల్డెనాఫిల్ వంటి అల్లోపతి మందులు కలిపిన ఉదంతాలు చాలా దేశాల్లో దొరికాయి. నొప్పి నిజంగానే తగ్గుతుంది, అందుకే నమ్మకం పెరుగుతుంది. స్టెరాయిడ్ల వల్ల ఎముకలు గుల్లబారడం, షుగరు పెరగడం తర్వాత ఎప్పుడో బయటపడతాయి.

పార్శిల్ వచ్చాక

ముందు బిల్లు తీయాలి. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీదారు పేరు, అమ్మినవారి డ్రగ్ లైసెన్సు నంబరు అందులో ఉండాలి. ఇప్పుడు మాత్రల షీటు తిప్పి వెనకవైపు చూడాలి. ‘B.No.’ అని ఉన్నచోట అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటిగా బిల్లుతో సరిపోల్చాలి. రెండు నిమిషాల పని. బ్యాచ్ తేడా ఉంటే బిల్లు వేసిన సరుకు ఒకటి, చేతికి వచ్చింది ఇంకొకటి. అట్టపెట్టె మీద, లోపలి షీటు మీద బ్యాచ్ ఒకటే కావాలి. చీటీ మందు అయితే లేబుల్ ఎడమ పక్కన నిలువుగా ఎర్రగీత ఉంటుంది. తయారీ లైసెన్సు నంబరు, ఫ్యాక్టరీ చిరునామా ఉండాలి. అసలు మందు పేరు బ్రాండు పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉండాలన్నది నియమం. బ్యాచ్, తేదీలు, ధర ప్యాకింగ్ సమయంలో వేరే యంత్రం మీద అచ్చవుతాయి గనుక ఆ సిరా రంగు కాస్త తేడాగా కనిపించడం తప్పేమీ కాదు. గోరుతో గీస్తే ఆ అంకెలు రాలిపోయినా, ధర మీద స్టిక్కరు అంటించి ఉన్నా, అక్షర దోషాలున్నా అనుమానించాలి. డాక్టర్లకిచ్చే శాంపిల్ మందు అమ్మకానికి రాకూడదు. ఎప్పుడూ వాడే మందైతే పాత ఖాళీ షీటు ఒకటి ఇంట్లో ఉంచుకుని పక్కపక్కన పెట్టి చూడటం మంచి అలవాటు. ఇంజెక్షన్ సీసాకైతే పై మూత బిగుతు, రబ్బరు బిరడా మీద సూది గుచ్చిన గుర్తు చూడాలి.

2023 ఆగస్టు 1 తర్వాత తయారైన 300 ప్రధాన బ్రాండ్ల మీద బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి. డోలో, షెల్‌కాల్, థైరోనార్మ్ వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. కోడ్‌ను ఫోనుతో చూస్తే బ్రాండు, అసలు మందు పేరు, తయారీదారు, బ్యాచ్, తేదీలు, లైసెన్సు నంబరు వస్తాయి. ఈ ఏర్పాటు మంచిదే, దాని మీదే ఆధారపడితే మాత్రం చాలదు. లేబుల్ అచ్చువేయగలిగినవాడు కోడ్ కూడా అచ్చువేయగలడు, అసలు షీటు మీది కోడ్‌ను నకలు తీస్తే అది అసలు వివరాలే చూపిస్తుంది. కోడ్ చూపినవి షీటు మీద ఉన్నవాటితో కలవకపోతే నకిలీ అని గట్టిగా అనుమానించాలి, కలిసినంత మాత్రాన అసలు అని తేలినట్టు కాదు.

ఇన్సులిన్ వంటి మందులు నకిలీ కాకపోయినా దారిలో పాడవుతాయి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో డెలివరీ బండి మీద మధ్యాహ్నమంతా తిరిగిన ఇన్సులిన్ చూడటానికి మామూలుగానే ఉంటుంది, షుగరును మాత్రం సరిగా అదుపు చేయకపోవచ్చు. ఐస్ ప్యాక్ పూర్తిగా కరిగి పెట్టె వెచ్చగా ఉంటే తీసుకోకూడదు. మంచుగడ్డకు ఆనుకుని గడ్డకట్టిన ఇన్సులిన్ కూడా పనికిరాదు. ఇలాంటివి దగ్గరి షాపులో, ఫ్రిజ్ నుంచి తీసి ఇస్తుండగా కొనడమే మేలు.

విదేశాల్లోని తెలుగువారికి

అమెరికాలో మందుల ధరలు చూసి బెదిరి, ‘కెనడా ఫార్మసీ’ అనో ‘ఇండియన్ జనరిక్స్’ అనో కనిపించే వెబ్‌సైట్లలో కొనేవారున్నారు. 2024 అక్టోబరులో అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ ఇచ్చిన హెచ్చరిక ప్రకారం ఇలాంటి అక్రమ ఫార్మసీలు కొన్ని ఫెంటనిల్, మెథాంఫెటమిన్ అనే మత్తు పదార్థాలు కలిపిన నకిలీ మాత్రలు పంపుతున్నాయి. వాటి నిర్వాహకుల్లో భారతదేశం నుంచి నడిపేవారూ ఉన్నారు. ఫెంటనిల్ కలిసిన ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. అక్కడ రాష్ట్రాల ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం వెబ్‌సైట్లను పరిశీలించి జాబితా ఇస్తుంది, చిరునామా చివర ‘.ఫార్మసీ’ అని ఇంగ్లిషులో ఉండేవి ఆ సంఘం అనుమతి పొందినవే. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2015 నుంచి చట్టబద్ధమైన ఆన్‌లైన్ ఫార్మసీలకు ఆకుపచ్చ, తెలుపు శిలువ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ దేశ ప్రభుత్వ జాబితా తెరుచుకోవాలి, తెరుచుకోకపోతే అది బొమ్మే. బ్రిటన్‌లో జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ రిజిస్టరులో షాపు పేరు వెతుక్కోవచ్చు. బరువు తగ్గడానికి వాడే ఓజెంపిక్‌కు నకిలీలు బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో దొరికాయని 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇలాంటి నకిలీ ఇంజెక్షన్ పెన్నుల్లో అసలు మందుకు బదులు ఇన్సులిన్ ఉంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది.

అనుమానం వస్తే

మందు వాడటం ఆపి డాక్టరుకు చెప్పాలి. బీపీ, మూర్ఛ, గుండె జబ్బుల మందులైతే ఆపేసి ఊరుకోకూడదు, అదే రోజు నమ్మకమైన చోట వేరే షీటు కొనుక్కోవాలి. అనుమానించిన మందును పారేయకూడదు. మిగిలిన మాత్రలు, డబ్బా, బిల్లు, కొరియర్ కవరు, ఆర్డరు వివరాలు అలాగే దాచాలి. తెలంగాణలో ఔషధ నియంత్రణ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు, ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు. మందు వికటించిందనిపిస్తే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నంబరు 1800-180-3024కు కూడా చెప్పాలి. కంపెనీకి ఫోన్ చేసి ఆ బ్యాచ్ తమదేనా అని అడగడం కూడా పనికొస్తుంది. 2024లో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ప్రకటించే, పరీక్షలో నిలవని మందుల నెలవారీ జాబితాలో చేరిన కొన్ని ప్రసిద్ధ బ్రాండ్ల విషయంలో కంపెనీలు ఆ సరుకు తాము తయారుచేసింది కాదని ప్రకటించాయి.

చాలామందికి తెలియని హక్కు ఒకటి 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలో ఉంది. 26వ సెక్షన్ ప్రకారం మందు కొన్న ఎవరైనా నిర్ణీత రుసుము కట్టి, దరఖాస్తు పెట్టి ఆ మందును ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు, సంతకం చేసిన నివేదిక పొందవచ్చు. గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘాలకూ ఈ హక్కు ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టరు స్వయంగా నమూనా తీస్తే దాన్ని మామూలుగా నాలుగు భాగాలు చేస్తారు: ఒకటి షాపుకు, ఒకటి విశ్లేషకుడికి, ఒకటి కోర్టుకు, ఒకటి షాపుకు ఆ సరుకు అమ్మినవారికి. నివేదికను కాదనాలంటే 28 రోజుల్లో చెప్పాలి, అప్పుడు కోర్టు దగ్గరున్న భాగం కోల్‌కతాలోని కేంద్ర ఔషధ ప్రయోగశాలకు వెళ్తుంది. ఇన్‌స్పెక్టరు అడిగితే షాపువాడు ఆ బ్యాచ్ తనకు ఎవరు అమ్మారో 18ఏ సెక్షన్ కింద చెప్పి తీరాలి. ఆ హోల్‌సేలరు తనకు అమ్మినవాణ్ణి చూపాలి. వరంగల్‌లో ఒక ఇంటికి వచ్చిన షీటు దగ్గర మొదలైన వెతుకులాట ఇలా బిల్లు వెంట బిల్లు పట్టుకుని వేరే రాష్ట్రంలోని గోదాము దాకా వెళ్లగలదు, మొదటి బిల్లు పోకుండా ఉంటే.